రక్షక వాయువులో లోహాల అతుకు

రెండు లోహపు ముక్కలను కరగనివ్వకుండా, వాటి నడుమ ఉన్న సన్నని సందులోకి మూడో లోహాన్ని కరిగించి పారించి అతికే పద్ధతిని బ్రేజింగ్ అంటారు. వెల్డింగ్‌లో ముక్కల అంచులే కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బ్రేజింగ్‌లో ముక్కలు గట్టిగానే ఉంటాయి, కరిగేది మధ్యలో చేరే పూరక లోహం ఒక్కటే. టంకం పెట్టడంలోనూ జరిగేది ఇదే. తేడా వేడిలో ఉంది. పూరక లోహం 450 డిగ్రీల సెల్సియస్ లోపల కరిగేదైతే టంకం, ఆపైన కరిగేదైతే బ్రేజింగ్ అని ఇంజనీర్లు ఒక హద్దు పెట్టుకున్నారు. ఆ హద్దు ప్రకారం చూస్తే, కంసాలి ఊదుగొట్టంతో మంటను మళ్లించి, వెలిగారం అద్ది, బంగారు గొలుసు కొక్కేన్ని అతికే పని బ్రేజింగ్ కిందికే వస్తుంది.

కర్మాగారంలో ఇదే పనిని మంట లేకుండా, వెలిగారం లేకుండా చేసే మార్గం ఉంది. ముక్కలను ముందే ఒకదానిలో ఒకటి అమర్చి, అతుకు దగ్గర పూరక లోహాన్ని తీగ చుట్టగానో, రేకుగానో, ముద్దగానో పెట్టి, మొత్తాన్నీ ఫర్నేసులోకి పంపుతారు. ఆ ఫర్నేసులో గాలి ఉండదు. దాని స్థానంలో హైడ్రోజనో, నైట్రోజనో, ఆ రెండిటి మిశ్రమమో నిండి ఉంటుంది. వస్తువు అవతలి చివర బయటికి వచ్చేసరికి అతుకు పడి ఉంటుంది, పైన మసి గానీ పొక్కు గానీ ఉండదు. కార్ల రేడియేటర్లు, ఏసీ కండెన్సర్లు, బ్రేకు నూనె పారే సన్నని ఉక్కు గొట్టాలు ఇలా తయారయ్యేవే. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్టులో ఎఫ్-1 ఇంజను దహన గది గోడ కూడా ఒకే పలక కాదు. పక్కపక్కన పేర్చిన నికెల్ మిశ్రమలోహపు గొట్టాలను ఫర్నేసులో బ్రేజింగ్ చేసి ఆ గోడ కట్టారు. ఇంజనులో మండబోయే కిరోసిన్ ముందుగా ఆ గొట్టాల్లో పారి గోడను చల్లబరిచేది.

ఈ పద్ధతిలో పూరక లోహం ఏదో, వేడి ఎంతో ప్రామాణిక పట్టికలు చూసి తేల్చుకోవచ్చు. ఒకసారి తేలితే అవి మారవు. పూటపూటకూ మారేది ఫర్నేసు లోపలి వాయువు. అతుకు పడిందా లేదా అన్నది చాలావరకు పూరక లోహం కరగకముందే, ఆ వాయువు చేతిలో నిర్ణయమైపోతుంది.

వాయువు సంగతికి ముందు సందు సంగతి చూడాలి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టే, దగ్గరదగ్గరగా ఉన్న రెండు లోహపు ముఖాలు కరిగిన లోహాన్ని తమ మధ్యకు లాగుతాయి. భౌతికశాస్త్రం దీన్ని కేశనాళికీయత అంటుంది. సందు ఎంత ఇరుకైతే లాగుడు అంత బలం. ఉక్కును రాగితో అతికేటప్పుడు సందు 0.05 మిల్లీమీటరు దాటకుండా చూస్తారు. కొన్నిసార్లు అసలు సందే లేకుండా, ఒక ముక్కను మరో ముక్కలో బిగువుగా దించుతారు. కరిగిన రాగి అంత పలచన, ఆ బిగువులోకి కూడా పారగలదు. ఇతర పూరక లోహాలకు 0.025 నుంచి 0.125 మిల్లీమీటరు దాకా సందు వదలడం మామూలు. అంతకన్నా వెడల్పైతే లోహం లోపల నిలవక కిందికి జారిపోతుంది, లేదా మధ్యలో ఖాళీలు మిగులుతాయి.

సందు చిన్నదిగా ఉంచడానికి ఇంకో కారణం బలం. రాగి మెత్తని లోహం. అయినా రెండు ఉక్కు ముఖాల నడుమ చిక్కిన పలచని రాగి పొర, విడిగా ఉన్న రాగి కడ్డీ కంటే ఎక్కువ లాగుడును తట్టుకుంటుంది. సాగడానికి రాగి ప్రయత్నించినప్పుడు రెండు వైపులా ఉన్న ఉక్కు దాన్ని సాగనివ్వదు. పొర మందమైతే ఈ కట్టడి సడలిపోతుంది. అందుకే అతుకులో ఎక్కువ లోహం నింపితే గట్టిగా ఉంటుందన్న ఊహ ఇక్కడ తలకిందులవుతుంది. బలం కావాలంటే లోహం పెంచరు, ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కే వెడల్పు పెంచుతారు. పలచని ముక్క మందానికి మూడు నాలుగు రెట్లు ఎక్కితే సాధారణంగా సరిపోతుంది.

డ్రాయింగు మీద రాసిన సందు గది వేడిలో కొలిచినది. పని జరిగేది వెయ్యి డిగ్రీల పైన. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ 1100 డిగ్రీలకు చేరేసరికి దాదాపు ఒక మిల్లీమీటరు లావెక్కుతుంది. దాని చుట్టూ ఉన్న కడియం కూడా అదే లోహమైతే రెండూ కలిసి పెరుగుతాయి, సందు పెద్దగా మారదు. కడియం తక్కువ వ్యాకోచించే లోహమైతే సందు మూసుకుపోతుంది, ఎక్కువ వ్యాకోచించేదైతే తెరుచుకుంటుంది. డిజైన్ చేసేవారు చల్లని సందును వదిలేసి వేడి సందును లెక్కగట్టుకోవాలి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు తరచుగా తడబడే చోటు ఇది.

సందు సరిగ్గా ఉన్నంత మాత్రాన లోహం పారదు. కరిగిన లోహం ముక్క ముఖాన్ని తడపాలి. ముఖం మీద ఆక్సైడ్ పొర ఉంటే తడవదు, లోహం బొట్టుగా ముడుచుకుని కూర్చుంటుంది. గాలి తగిలిన ఏ మామూలు లోహం మీదైనా కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఉంటుంది. వేడి చేస్తే అది మందమవుతుంది. మంటతో చేసే బ్రేజింగ్‌లో వెలిగారం లాంటి ఫ్లక్స్ కరిగి ఆ పొరను తనలో కరిగించుకుంటుంది, గాలిని దూరంగా ఉంచుతుంది. ఫ్లక్స్‌తో చిక్కు తర్వాత వస్తుంది. అతుకులో చిక్కుకున్న ఫ్లక్స్ కడిగినా పోదు, తేమ పీల్చుకుని లోహాన్ని తినేస్తుంది. ఫర్నేసులోని వాయువు ఫ్లక్స్ చేసే రెండు పనులూ చేస్తుంది, వెనక ఏ మడ్డీ మిగల్చదు.

ఆ రెండు పనుల్లో ఒకటి కొత్త ఆక్సైడ్ పుట్టకుండా ఆపడం. దానికి గాలిని వెళ్లగొట్టే జడవాయువు చాలు. నైట్రోజన్, ఆర్గాన్ ఆ కోవలోవి. ఏసీ మెకానిక్ రాగి గొట్టాలను గ్యాస్ మంటతో అతికేటప్పుడు గొట్టం లోపల నైట్రోజన్‌ను మెల్లగా పారిస్తాడు, పారించాలి. అలా చేయకపోతే లోపలి గోడ మీద నల్లని పొట్టు కట్టి, తర్వాత రాలి, సన్నని కేపిలరీ గొట్టంలోనో ఎక్స్‌పాన్షన్ వాల్వులోనో అడ్డుపడుతుంది. రెండో పని ఉన్న ఆక్సైడ్‌ను తొలగించడం. అది హైడ్రోజన్ వల్ల అవుతుంది, కొంతవరకు కార్బన్ మోనాక్సైడ్ వల్ల కూడా. వేడిలో హైడ్రోజన్ ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుని నీటి ఆవిరిగా మారుతుంది, వెనక శుభ్రమైన లోహం మిగులుతుంది. రసాయనశాస్త్రంలో ఇది క్షయకరణం.

హైడ్రోజన్‌ను సిలిండర్లలో కొనడం ఖరీదు. అందుకని చాలా చోట్ల అమ్మోనియాను వాడతారు. ద్రవ అమ్మోనియాను ఆవిరి చేసి, 900 డిగ్రీల చుట్టుపక్కల నికెల్ ఉత్ప్రేరకం మీదుగా పంపితే అది విడిపోయి మూడు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు నైట్రోజన్ అవుతుంది. షాపు భాషలో దాని పేరు క్రాక్డ్ అమ్మోనియా. ఒక కిలో అమ్మోనియా నుంచి సుమారు 2.6 ఘనపు మీటర్ల వాయువు వస్తుంది. సహజవాయువును గాలితో కలిపి కొద్దిగా కాల్చినా పనికొచ్చే వాయువు వస్తుంది. గాలి ఎక్కువ కలిపి, తనంతట తాను మండేలా చేస్తే ఎక్సోథర్మిక్ గ్యాస్. గాలి తక్కువ కలిపి, బయటి నుంచి వేడిచేసి ఉత్ప్రేరకం మీద విడగొడితే ఎండోథర్మిక్ గ్యాస్. రెండోదానిలో సుమారు 40 శాతం హైడ్రోజన్, 20 శాతం కార్బన్ మోనాక్సైడ్, మిగతాది నైట్రోజన్ ఉంటాయి. మొదటిది చవక, తక్కువ కర్బనం ఉన్న ఉక్కుకు చాలు. కర్బనం ఎక్కువున్న ఉక్కును దానిలో వేడిచేస్తే పైపొర కర్బనాన్ని కోల్పోయి మెత్తబడుతుంది. అలాంటి ఉక్కుకు రెండోది మేలు. ఇటీవలి ఫర్నేసుల్లో ట్యాంకు నుంచి వచ్చే నైట్రోజన్‌లో కొద్ది శాతం హైడ్రోజన్ కలిపి వాడటం పెరిగింది, నిష్పత్తిని ఇష్టమొచ్చినట్టు మార్చుకునే వీలుంటుంది కనుక.

వాయువు పేరు ఎంత గొప్పదైనా, దానిలో తేమ ఉంటే పని చెడుతుంది. హైడ్రోజన్ ఆక్సైడ్‌ను లోహంగా మార్చి నీటి ఆవిరి అవుతుందని పైన చెప్పుకున్నది ఒకవైపు దారి కాదు. ఆవిరి ఎక్కువైతే అదే చర్య వెనక్కి నడిచి లోహాన్ని మళ్లీ ఆక్సైడ్‌గా మారుస్తుంది. ఎటు నడవాలో చెప్పేది హైడ్రోజన్‌కూ నీటి ఆవిరికీ ఉన్న నిష్పత్తి. ఆ నిష్పత్తిని కొలవడానికి వాడే తేలికైన కొలత తుషార బిందువు, కర్మాగారాల్లో అందరూ అనే మాట డ్యూ పాయింట్. వాయువును చల్లబరుస్తూ పోతే ఏ వేడి దగ్గర తేమ పేరుకోవడం మొదలవుతుందో అదే దాని డ్యూ పాయింట్. అది సున్నా డిగ్రీలైతే ఆ వాయువులో పది లక్షల పాళ్లకు దాదాపు 6,000 పాళ్లు నీటి ఆవిరి ఉన్నట్టు. మైనస్ 40 అయితే 127 పాళ్లు. మైనస్ 60 అయితే పది పదకొండు పాళ్లు మాత్రమే. వానాకాలంలో విశాఖపట్నం గాలి డ్యూ పాయింట్ 25 డిగ్రీల దాకా వెళుతుంది, అంటే పది లక్షలకు 31,000 పాళ్లు. అలాంటి గాలి ఫర్నేసు నోటి నుంచి నూటికి ఒక వంతు లోపలికి చొరబడినా, దాని తేమ ఒక్కటే వాయువు డ్యూ పాయింట్‌ను మైనస్ 32 దాటి కిందికి పోనివ్వదు. దానితో వచ్చిన ఆక్సిజన్ హైడ్రోజన్‌తో కలిసి మరింత ఆవిరి పుట్టిస్తుంది. పైపు జాయింట్లలో లీకులు, తడి ఆరని ముక్కలు, రాత్రి చల్లబడి తేమ పీల్చుకున్న ఫర్నేసు ఇటుకలు, ఇవన్నీ ఆ అంకెను పైకి నెడతాయి. సెలవు తర్వాత తొలిరోజు ఉదయం ఫర్నేసు వేడెక్కగానే ముక్కలు పంపకుండా, డ్యూ పాయింట్ దిగేదాకా ఖాళీగా నడపడం అందుకే.

ఎంత పొడి వాయువు కావాలన్నది లోహాన్ని బట్టి ఉంటుంది. ఆక్సిజన్‌ను వదలడానికి ఏ లోహం ఎంత మొండికేస్తుందో వేడికి తగ్గట్టు గీతలుగా చూపే పటాన్ని బ్రిటన్ రసాయనవేత్త హెరాల్డ్ ఎల్లింగ్‌హామ్ 1944లో ప్రకటించారు. రాగి, నికెల్, ఇనుము ఆ పటంలో పైభాగాన ఉంటాయి. ఎక్కువ హైడ్రోజన్ ఉన్న వాయువైతే, ఫర్నేసు వేడిలో కాస్త తేమ ఉన్నా వాటి ఆక్సైడ్లు లొంగిపోతాయి. క్రోమియం కిందికి ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టనివ్వని పొర క్రోమియం ఆక్సైడే కనుక, ఆ ఉక్కు సుగుణమే ఇక్కడ అడ్డంకి అవుతుంది. దాన్ని తొలగించడానికి 1000 డిగ్రీల పైన వేడి, మైనస్ 50 డిగ్రీల కంటే తక్కువ డ్యూ పాయింట్ ఉన్న హైడ్రోజన్ కావాలి. వేడి పెరిగేకొద్దీ క్షయకరణం సులువవుతుంది. అందువల్ల తక్కువ వేడిలో కరిగే వెండి మిశ్రమలోహాలతో స్టెయిన్‌లెస్‌ను ఫర్నేసులో అతకడం, ఎక్కువ వేడిలో రాగితోనో నికెల్‌తోనో అతకడం కంటే కష్టం. మొదటిసారి వినేవారికి ఇది వింతగా తోస్తుంది. టైటానియం, అల్యూమినియం, జిర్కోనియం పటం అట్టడుగున ఉంటాయి. వాటి ఆక్సైడ్లను ఏ కర్మాగారపు హైడ్రోజనూ కదిలించలేదు.

ఫర్నేసు కట్టడంలోని తెలివంతా వాయువును లోపల నిలపడంలోనే ఉంది. తక్కువ సంఖ్యలో పెద్ద వస్తువులు చేయాలంటే వాటిని గాలి చొరని మూత పెట్టెలో ఉంచి, వాయువు పట్టించి, ఆ పెట్టెను ఫర్నేసులో దించుతారు. వేల సంఖ్యలో చిన్న వస్తువులకు మెష్ బెల్ట్ ఫర్నేసు. వేడిని తట్టుకునే ఉక్కు తీగతో అల్లిన పట్టా ముక్కలను మోసుకుంటూ ఆగకుండా నడుస్తుంది. ముందు వేడెక్కే భాగం, తర్వాత అసలు బ్రేజింగ్ భాగం, ఆపైన చుట్టూ నీళ్లు పారే పొడవాటి చల్లార్పు భాగం వస్తాయి. చల్లార్పు భాగంలో కూడా అదే వాయువు ఉండాలి. వేడి ముక్క గాలిలోకి వస్తే అంతసేపూ కాపాడిన మెరుపు క్షణంలో నల్లబడుతుంది. రెండు చివరలా నోరు తెరిచే ఉంటుంది కనుక వాయువు కొంత బయటికి పోతూనే ఉంటుంది, పోనివ్వాలి కూడా. లోపలి పీడనం బయటి కంటే కొద్దిగా ఎక్కువ ఉన్నంతసేపూ గాలి లోపలికి రాదు. హైడ్రోజన్ గాలికంటే చాలా తేలిక. ఆ గుణాన్ని వాడుకునే ఫర్నేసు ఒకటి ఉంది. దాని నడిమి భాగం ఎత్తుగా, రెండు చివరలు పల్లంగా ఉంటాయి. బెల్టు ఎక్కి, సమంగా నడిచి, దిగుతుంది. తేలికైన వాయువు ఎత్తులోనే నిలిచి, గాలి పల్లంలోనే ఉండిపోతుంది. దాని వీపును బట్టి దాన్ని హంప్‌బ్యాక్ ఫర్నేసు అంటారు. స్టెయిన్‌లెస్ పనికి ఇది ఇష్టమైనది.

ఉక్కును రాగితో అతకడం వీటన్నిటిలోకీ నికరమైన పని. స్వచ్ఛమైన రాగి 1083 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఫర్నేసును 1120 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ వేడిలో ముక్క ఉండేది కొద్ది నిమిషాలే. బ్రేకు గొట్టం కథ వినదగ్గది. రెండు వైపులా రాగి పూత ఉన్న పలచని ఉక్కు పట్టీని గొట్టంగా రెండు చుట్లు చుడతారు. దాన్ని క్షయకరణ వాయువులో వేడిచేస్తే పొరల మధ్య రాగి కరిగి రెండు చుట్లనూ ఒకే గోడగా కలిపేస్తుంది. పూత రూపంలో పూరక లోహం ప్రతిచోటా ముందే ఉంది కనుక ఎక్కడా విడిగా పెట్టే పని లేదు. అమెరికాలో బండీ కంపెనీ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ గొట్టాన్ని ప్రపంచమంతా కార్లలో వాడారు. లోహపు పొడిని అచ్చులో నొక్కి కాల్చిన ఉక్కు భాగాల సంగతి వేరు. వాటి ఒళ్లంతా సూక్ష్మరంధ్రాలే కనుక కరిగిన రాగిని సందు కంటే ముందు ఆ రంధ్రాలే తాగేస్తాయి. అలాంటివాటికి నికెల్, రాగి, మాంగనీసు కలిసిన పూరక లోహం వాడతారు. అది ఇనుమును కొద్దిగా కరిగించుకోగానే దాని ద్రవీభవన స్థానం పెరిగి, రంధ్రాల్లోకి దూరకముందే గడ్డకడుతుంది.

రాగి ముక్కలనే అతకాలంటే ఒక హెచ్చరిక ఉంది. మామూలు విద్యుత్ తీగల రాగిలో కొద్దిగా ఆక్సిజన్ కలిసి ఉంటుంది, రాగి ఆక్సైడ్ రేణువుల రూపంలో. వేడి హైడ్రోజన్ రాగి లోపలికి చొచ్చుకుపోయి ఆ రేణువులను తాకితే అక్కడే నీటి ఆవిరి పుడుతుంది. బయటికి రాలేని ఆవిరి రాగి స్ఫటికాలను విడదీసి, లోహాన్ని పెళుసు చేస్తుంది. అందుకని హైడ్రోజన్ ఫర్నేసుకు పంపే రాగి ఆక్సిజన్ లేనిదై ఉండాలి. రాడార్లలో సూక్ష్మతరంగాలను పుట్టించే శూన్యనాళికల రాగి భాగాలను అలాంటి రాగితోనే చేస్తారు.

స్టెయిన్‌లెస్ స్టీలు వేడిలో, తుప్పులో పనిచేయాల్సి వస్తే నికెల్ పూరక లోహాలు వాడతారు. వాటిలో బోరాన్, సిలికాన్, భాస్వరం లాంటివి కలిపి ద్రవీభవన స్థానాన్ని తగ్గిస్తారు. బాగా వాడుకలో ఉన్న ఒక రకం 971 డిగ్రీల దగ్గర కరగడం మొదలై 999 దగ్గర పూర్తిగా ద్రవమవుతుంది. దీనిలో బోరాన్ ఉంది కనుక నైట్రోజన్ వాయువు నప్పదు. రెండూ కలిసి బోరాన్ నైట్రైడ్ ఏర్పడి లోహాన్ని పారనివ్వదు. స్వచ్ఛమైన హైడ్రోజనో, ఆర్గానో, శూన్యమో కావాలి. సందు ఇరుగ్గా ఉంటే బోరాన్ చుట్టూ ఉన్న ఉక్కులోకి ఇంకిపోతుంది, మిగిలిన అతుకు తిరిగి కరగాలంటే ఇంకా ఎక్కువ వేడి అవసరమవుతుంది. సందు వెడల్పైతే నడుమ పెళుసైన గీత ఒకటి మిగిలి, పగులు అక్కడే మొదలవుతుంది. అమ్మోనియా పారే ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్లకు రాగి అతుకు పనికిరాదు, అమ్మోనియా రాగిని తినేస్తుంది. శీతల గిడ్డంగుల్లో అమ్మోనియాతో నడిచే యంత్రాలకు నికెల్ అతుకున్నవి పెట్టేది అందుకే.

అల్యూమినియం కథ అన్నిటికంటే విచిత్రం. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాని మీదున్న ఆక్సైడ్ పొర కరగడానికి 2000 డిగ్రీలు దాటాలి. హైడ్రోజన్ ఆ పొరను ఏమీ చేయలేదు. చాలాకాలం క్లోరైడ్ లవణాలను కరిగించిన తొట్టిలో ముంచి అల్యూమినియాన్ని అతికేవారు. తర్వాత ఆ లవణాలను కడిగి కడిగి వదిలించకపోతే వస్తువు నెలల్లో చిల్లులు పడేది. 1970లలో కెనడా అల్యూమినియం సంస్థ ఆల్కాన్ ఒక కొత్త ఫ్లక్స్ తెచ్చింది, పేరు నోకోలాక్. అది పొటాషియం, అల్యూమినియం, ఫ్లోరిన్ కలిసిన తెల్లని పొడి. 565 నుంచి 572 డిగ్రీల మధ్య కరిగి, ఆక్సైడ్ పొరను ఛేదిస్తుంది. చల్లారాక మిగిలే పలచని పూత నీళ్లలో దాదాపు కరగదు, లోహాన్ని తినదు, కాబట్టి కడగక్కర్లేదు. కార్ల రేడియేటర్లు రాగి, ఇత్తడి నుంచి అల్యూమినియంకు మారడానికి ఈ పొడి చేసిన సాయం తక్కువది కాదు.

రేడియేటర్‌లో పూరక లోహాన్ని కూడా విడిగా పెట్టరు. అల్యూమినియం, మాంగనీసు కలిసిన రేకు మీద 7 నుంచి 12 శాతం సిలికాన్ ఉన్న అల్యూమినియం పొరను ముందే అంటించి చుట్టలుగా అమ్ముతారు. ఆ పై పొర 577 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది, లోపలి రేకు 640 దాటేదాకా నిలుస్తుంది. పని జరగాల్సింది ఈ ఇరుకు నడవలో, 600 డిగ్రీల దగ్గర, ఐదు డిగ్రీలు అటూఇటూగా. గొట్టాలు, మడతల రెక్కలు, చివరి పలకలు పేర్చి చట్రంలో బిగిస్తారు. నూనె మరకలు పోగొట్టి, ఫ్లక్స్‌ను నీళ్లలో కలిపి చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు గ్రాముల మేర పడేలా చల్లి, 200 డిగ్రీల దగ్గర తడి ఆరుస్తారు. తర్వాత నైట్రోజన్ నిండిన ఫర్నేసు. అక్కడ ఆక్సిజన్ పది లక్షల పాళ్లకు 100 లోపు, డ్యూ పాయింట్ మైనస్ 40 లోపు ఉండాలి. పూర్తి వేడిలో రేడియేటర్ ఉండేది రెండు మూడు నిమిషాలు. ఆ కొద్దిసేపట్లో వందల గొట్టాలు, వేల రెక్కల మొనల దగ్గర అతుకులన్నీ ఒకేసారి పడతాయి. వేడి ఎక్కువైతే కరిగిన సిలికాన్ పొర, ఒక మిల్లీమీటరులో పదో వంతు మందం కూడా లేని రెక్కలను తినేసి కుప్పకూలుస్తుంది. తేమ ఎక్కువైతే ఫ్లక్స్ విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ విషవాయువు పుడుతుంది. బయటికి పోయే వాయువును అల్యూమినా నింపిన గదిగుండా పంపి శుభ్రం చేయాల్సి వస్తుంది. గట్టిదనానికి మెగ్నీషియం కలిపిన అల్యూమినియం ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. ఆ మెగ్నీషియం ఫ్లక్స్‌తో కలిసి దాన్ని నిర్వీర్యం చేస్తుంది. ఈ రేడియేటర్లకు ఒక్కటే లోటు. పాత రాగి రేడియేటర్ కారితే సెంటర్లో మెకానిక్ టంకం పెట్టి పంపేవాడు. అల్యూమినియందానికి చిల్లు పడితే కొత్తది కొనడమే.

ఏ వాయువుకూ లొంగని లోహాలకు శూన్యం దారి. జిర్కోనియం హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసవుతుంది, నైట్రోజన్‌తోనూ కలుస్తుంది. అణు విద్యుత్ కేంద్రాల ఇంధన గొట్టాలు ఈ లోహపు మిశ్రమంతోనే చేస్తారు. ఆ గొట్టాలు ఒకదానికొకటి తగలకుండా పైన చిన్న చిన్న దిమ్మెలు అతకాలి. కెనడాలో వాటిని బెరిలియంతో బ్రేజింగ్ చేస్తారు. బెరిలియం ధూళి ఊపిరితిత్తులకు విషం. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఆ పద్ధతిని తీసుకోకుండా, దిమ్మెలను రెసిస్టెన్స్ వెల్డింగ్‌తో అతుకుతుంది. పని జరిగే మార్గాలు రెండున్నప్పుడు విషం లేనిది ఎంచుకోవడం తెలివైన నిర్ణయమే.

అతుకు చెడినప్పుడు కారణం వెతకడానికి ముక్క రంగే మొదటి సాక్షి. మెరుస్తూ ఉండి లోహం పారకపోతే సందునో, వేడినో అనుమానించాలి. స్టెయిన్‌లెస్ ఆకుపచ్చగా మారితే క్రోమియం ఆక్సైడ్ కట్టింది, వాయువులో తేమ ఉంది. మసి పడితే ముక్కల మీద నూనె మిగిలింది, లేదా ముద్దలోని జిగురు సరిగ్గా కాలిపోలేదు. ఇసుకతో రుద్ది శుభ్రం చేసిన ముక్కల్లో ఇసుక రేణువులు గుచ్చుకుని తడవనివ్వవు, కాబట్టి లోహపు రవతో రుద్దుతారు. మంచి డిజైన్‌లో పూరక లోహాన్ని ఒక వైపు పెట్టి, అవతలి వైపు కంటికి కనిపించేలా ఉంచుతారు. అవతల అంచు చుట్టూ సన్నని లోహపు గీత తెగకుండా కనిపిస్తే సందంతా నిండినట్టే. ద్రవాలు, వాయువులు పారే వస్తువులకు హీలియంతో లీకు పరీక్ష చేస్తారు.

హైడ్రోజన్ ఉన్నచోట ప్రమాదం ఉంటుంది. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఏ పాళ్లలో కలిసినా అది పేలగలదు, పగటి వెలుగులో దాని మంట సరిగ్గా కనబడదు. ఫర్నేసును మొదలుపెట్టేటప్పుడు ముందు నైట్రోజన్‌తో లోపలి గాలిని పూర్తిగా తోసేసి, తర్వాతే హైడ్రోజన్ వదలాలి. లేదా లోపలి వేడి 760 డిగ్రీలు దాటాకే వదలాలి. ఆ వేడిలో అది పోగుపడి పేలకముందే ఎప్పటికప్పుడు కాలిపోతుంది. ఆపేటప్పుడు కూడా ముందు నైట్రోజన్‌తో హైడ్రోజన్‌ను తోసేసి, తర్వాతే గాలిని రానివ్వాలి. కరెంటు పోయినా నైట్రోజన్ దానంతటదే పారేలా వాల్వులు అమరుస్తారు. నోటి దగ్గర ఎప్పుడూ చిన్న మంట వెలుగుతూ ఉంటుంది, బయటికి వచ్చే వాయువును అక్కడే కాల్చేయడానికి. నైట్రోజన్ పేలదు, కాలదు. కానీ మరమ్మతుకు ఫర్నేసులోకి దిగిన మనిషికి ఊపిరి అందకుండా చేస్తుంది, వాసన లేదు కనుక హెచ్చరించదు. ఆక్సిజన్ మీటరుతో కొలవకుండా లోపలికి ఎవరినీ పంపకూడదు.

ఈ పద్ధతి అన్నిటికీ సరిపోదు. పదో పాతికో ముక్కలకు ఫర్నేసు వేడిచేయడం దండగ, మంటే చవక. ఇత్తడిని పంపితే దానిలోని జింకు ఆవిరై ఫర్నేసు గోడలకు అంటుకుంటుంది. ముక్క మొత్తం వెయ్యి డిగ్రీలు దాటుతుంది కాబట్టి, చల్లగా సాగదీసి గట్టిపరచిన ఉక్కు మెత్తబడిపోతుంది, ముందే గట్టిపరచిన పళ్ల చక్రం ఆ గట్టిదనం కోల్పోతుంది. దానికో పరిష్కారం ఉంది. రాగి అతుకు 1083 డిగ్రీలదాకా కరగదు, ఉక్కును గట్టిపరచడానికి 850 డిగ్రీలు చాలు. అందువల్ల ముందు బ్రేజింగ్ చేసి, ఆ తర్వాత మళ్లీ వేడిచేసి నూనెలో ముంచి గట్టిపరుస్తారు, అతుకు చెక్కుచెదరదు.